సంతకం ఇద్దరిది, లెక్క ఒక్కరిదా?

నడివేసవిలో ఊరి బోరు మోటారు కాలిపోయినప్పుడు ఏం జరుగుతుందో గమనిస్తే మన పంచాయతీల లోగుట్టు సగం బయటపడుతుంది. నల్లా రాలేదని పొద్దున్నే ఆడవాళ్లు బిందెలతో సర్పంచ్ ఇంటి ముందుకొస్తారు. సర్పంచ్ ఉన్నపళంగా మెకానిక్‌ని పిలిపించి, మోటారు పైకి తీయించి, మండల కేంద్రంలో వైండింగ్ చేయించి, రాత్రికి నీళ్లు వదిలిస్తారు. డబ్బు సొంత జేబులోంచో అప్పు తెచ్చో పెడతారు. కొన్నాళ్లకు బిల్లు తయారై చెక్కు రాసే సమయం వస్తుంది. తెలంగాణలో దాని మీద ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. "మోటారు కాలినట్టు నాకెవరు చెప్పారు? వైండింగ్‌కు అంత ఎందుకయింది?" అని ఆయన అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. రేపు ఆడిట్‌లో తేడా వస్తే ఆ సంతకానికి జవాబు చెప్పాల్సింది ఆయనే. కానీ ఊరి దాహం తీర్చిన సర్పంచ్‌కు అది తనను దొంగను చేసి మాట్లాడినట్టు తోస్తుంది. చెక్కు ఆగుతుంది. డబ్బులందని మెకానిక్ మళ్లీ పిలిస్తే రాడు.

ఇందులో ఇద్దరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు. మోటారు కాలిన రోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. ఆ ఫోన్ ఎందుకు చేయలేదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు మనుషుల స్వభావంలో కొంతే దొరుకుతుంది. మిగతాది మనం రాసుకున్న చట్టంలో, నడుపుతున్న పద్ధతిలో ఉంది.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. అంతకుముందు సర్పంచ్, ప్రభుత్వ ఉద్యోగి అయిన పంచాయతీ కార్యదర్శి కలిసి చెక్కుల మీద సంతకం పెట్టేవారు. కొత్త చట్టం కార్యదర్శి స్థానంలో ఉప సర్పంచ్‌ను తెచ్చింది. నిధుల మీద ఎన్నికైనవారి పట్టే ఉండాలన్నది పైకి చెప్పిన ఉద్దేశం. వినడానికి బాగుంది. కానీ ఈ ఇద్దరూ ఎలా ఎన్నికవుతారో చూడండి. సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఓటేసి గెలిపిస్తుంది. ఉప సర్పంచ్‌ను మాత్రం ఫలితాలు వచ్చిన రోజే వార్డు సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు. సర్పంచ్ ఒక వర్గం నుంచి గెలిచి, వార్డుల్లో ఎదుటి వర్గానికి మెజారిటీ వస్తే, నిన్నటిదాకా ఒకరినొకరు తిట్టుకుంటూ ప్రచారం చేసినవాళ్లే ఇవాళ ఒకే చెక్కు బుక్కుకు ఇద్దరు యజమానులవుతారు. పేరుకు పార్టీ గుర్తులు లేని ఎన్నికలే కానీ ఎవరు ఎవరి మనిషో ఊళ్లో తెలియనిదెవరికి?

అదే చట్టం ఇంకా చాలా చేసింది. సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్ చేతిలో పెట్టింది. నాటిన మొక్కలు బతక్కపోతే చర్య ఉంటుందంది. అంటే కలెక్టర్ సర్పంచ్‌కు కాపలా, సర్పంచ్ కార్యదర్శికి కాపలా, ఉప సర్పంచ్ మళ్లీ సర్పంచ్‌కు కాపలా. ప్రతి ఒక్కరినీ మరొకరి మీద నిఘాకు పెట్టారు తప్ప, సర్పంచ్, ఉప సర్పంచ్ కూర్చుని మాట్లాడుకునే వీలు మాత్రం చూడలేదు. నిఘా వద్దని మేం అనడం లేదు. ప్రజాధనం ఉన్నచోట అది తప్పదు. అయితే లెక్కలు తెలియని కాపలాదారు చేతిలో ఒకే ఆయుధం ఉంటుంది. అది సంతకం పెట్టకపోవడం. గత పాలకవర్గాల హయాంలో ఆ ఆయుధాన్ని ఎంత విచ్చలవిడిగా వాడారో, సంతకానికి వెల కట్టారన్న ఆరోపణలు ఎన్ని ఊళ్లలో వినిపించాయో మండల కార్యాలయాల్లో ఎవరినడిగినా చెబుతారు.

2025 డిసెంబరులో మూడు విడతలుగా పోలింగ్ జరిగి 12,700కు పైగా పంచాయతీలకు కొత్త పాలకవర్గాలు వచ్చాయి. పాతవాటి గడువు 2024 ఫిబ్రవరి మొదటికే ముగిసింది. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గాలు లేవన్న కారణంతో కేంద్రం నుంచి రావాల్సిన 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ట్రాక్టర్ డీజిలు, వీధి దీపాల బిల్లు, మల్టీపర్పస్ వర్కర్ల జీతాలు ఎలా నెట్టుకొచ్చారో ఆ కార్యదర్శులకే తెలుసు. ఇంకోపక్క మాజీ సర్పంచులు తాము చేయించిన పనుల బిల్లులు రాలేదంటూ చలో అసెంబ్లీ పిలుపులిచ్చి అరెస్టయ్యారు. వైకుంఠధామం పేరిట శ్మశానవాటిక కట్టించింది ఆయనే, డంపింగ్ షెడ్డు వేయించింది ఆయనే, ఇప్పుడు పదవి లేదు, అప్పు మాత్రం మిగిలింది.

ఇదంతా చూసిన కొత్త సర్పంచ్ ఏ మనసుతో కుర్చీలో కూర్చుంటారు? ఖాతాలో ఎంత ఉందో, ఎవరికెంత బాకీ ఉందో, ప్రత్యేకాధికారి హయాంలో దేనికెంత ఖర్చయిందో ఆయనకు తొలిరోజు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? చాలాచోట్ల ఛార్జి అప్పగింత అంటే శాలువా, పూలదండ, ఫొటో. రికార్డులు బీరువాలో ఉంటాయి, తాళం కార్యదర్శి దగ్గర ఉంటుంది. దాంతో ఊళ్లో పుకార్లే లెక్కలవుతాయి. 'పాతాయన ఇంత తిన్నాడట', 'కార్యదర్శి అంత వాడేశాడట'. నిజమెంతో తేలదు కానీ అనుమానం మాత్రం పాలకవర్గంలోకి ముందే వచ్చి కూర్చుంటుంది.

ఇక సమావేశాల సంగతి. పాలకవర్గం నెలకోసారి కూర్చోవాలని, గ్రామసభ కనీసం రెండు నెలలకోసారి జరగాలని చట్టంలో ఉంది. ఆచరణ వేరు. మినిట్స్ బుక్కు చంకలో పెట్టుకుని కార్యదర్శో, అటెండరో ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకోవడం మన పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. వార్డు సభ్యురాలు పత్తి ఏరుతుంటే చేను గట్టు మీదే సంతకం. ఏ తీర్మానం మీద పెట్టిందో ఆమె చదవదు, ఎవరూ చదివి వినిపించరు. ఆరు నెలల తర్వాత 'నాకు తెలియకుండానే నా వార్డు సీసీ రోడ్డు పక్క వార్డుకు మార్చేశారు' అని ఆమే గొడవ చేస్తే, తీర్మానంలో నీ సంతకం ఉంది కదమ్మా అని నోరు మూయిస్తారు. ఆ తర్వాత ఆమె ఏ కాగితాన్నయినా ఎందుకు నమ్మాలి?

వాట్సాప్ వచ్చాక మాటలు సులువవుతాయనుకున్నాం. ప్రతి పంచాయతీకీ ఒక గ్రూపు ఉంది. అందులో పండగ శుభాకాంక్షలు, ఎమ్మెల్యే పుట్టినరోజు పోస్టర్లు, చెత్త బండి ఫొటోలు ఉంటాయి. నెల ఖర్చుల పట్టిక మాత్రం కనిపించదు. ఎదుటి వర్గం సభ్యుడు బిల్లు గురించి ప్రశ్న వేస్తే మర్నాటికి అతను గ్రూపులో ఉండడు. పేరు సమాచార గ్రూపు, పని భజన బృందానిది.

మహిళా సర్పంచులున్న చోట మరో చిక్కు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు మహిళలవే. కానీ కార్యాలయం గోడ మీద సర్పంచ్ పేరు పక్కన రాసిన ఫోన్ నంబరు చాలా ఊళ్లలో భర్తది. మండల అధికారి ఎంపీడీవో మాట్లాడేది ఆయనతోనే, ఉప సర్పంచ్ బేరమాడేది ఆయనతోనే. సంతకం పెట్టిన మనిషికీ మాట ఇచ్చిన మనిషికీ సంబంధం లేనప్పుడు నమ్మకం ఎవరి మీద పెట్టుకోవాలి? ముందు ఆ నంబరు మార్చండి. అధికారులు నేరుగా సర్పంచ్‌కే ఫోన్ చేయాలని, సమీక్షకు ఆమెనే కూర్చోబెట్టాలని కలెక్టర్లు గట్టిగా పట్టుబడితే కొన్నాళ్లకు అదే అలవాటవుతుంది.

ఊరు దాటి పైకి వెళ్తే వ్యవహారం ఇంకా ముదురుతుంది. శంకుస్థాపన శిలాఫలకం మీద తన పేరు లేదని ఎంపీటీసీ, ఉన్నా కింద వేశారని జడ్పీటీసీ, అసలు కబురే పెట్టలేదని సర్పంచ్. ప్రోటోకాల్ పేరుతో కొబ్బరికాయ కొట్టేచోట తోపులాటలు, పోలీసుల బందోబస్తు. పది మీటర్ల డ్రైనేజీకి అంత రాద్ధాంతమా అని నవ్వుకోవచ్చు గానీ, నిధులూ విధులూ లేని పదవిలో ఉన్నవారికి రాతి మీద పేరు తప్ప చూపించుకోవడానికి ఏముంది? మండల పరిషత్ సర్వసభ్య సమావేశాలకు వచ్చే అధికారులు కూడా తక్కువే. వచ్చినవారు నివేదిక చదివేసి వెళ్లిపోతారు. ప్రజాప్రతినిధులు పరస్పరం పోట్లాడుకుంటూ ఉంటే అడిగేవారుండరని అధికారులకు బాగా తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరు, ఫలితం మాత్రం అదే. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. సర్పంచులు 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచి వచ్చేసరికి ఊళ్లో పాలన వారితో నిమిత్తం లేకుండానే నడిచిపోతోంది. సచివాలయ సిబ్బంది ఎవరి మాట వినాలి, వాలంటీర్ ఎవరికి జవాబుదారీ అన్నది తేలకుండానే కాలం గడిచింది. దానికి తోడు ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేయడంతో, ఖాతాలో పడ్డ డబ్బు ఎప్పుడు మాయమైందో సర్పంచ్‌కే తెలియని పరిస్థితి. పార్టీలకతీతంగా సర్పంచులు రోడ్డెక్కారు. అంతకుముందు ఆ ఎన్నికలప్పుడే ప్రభుత్వం ఏకగ్రీవాలను ప్రోత్సహిస్తూ జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా నజరానా ప్రకటించింది. పోటీ లేకపోతే ఊరు కలిసున్నట్టేనన్న లెక్క ఏ అధికారి తలలో పుట్టిందో గానీ, భయపెట్టో వేలం వేసో సాధించిన ఏకగ్రీవంలో నమ్మకానికి చోటుండదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపారు. రికార్డు బాగానే ఉంది. అక్కడ చేసిన తీర్మానాల్లో ఏది పూర్తయింది, ఏది ఆగింది, ఎందుకాగింది అని తర్వాతి సభలో చదివి వినిపించిన పంచాయతీలు ఎన్నో కూడా ప్రకటిస్తే ఇంకా బాగుంటుంది.

అన్ని ఊళ్లూ ఇలాగే ఉన్నాయనుకోవద్దు. వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు చాలామంది వినే ఉంటారు. 1990ల మధ్యలో కొత్తగా పంచాయతీ అయిన చిన్న ఊరు, తొలి పాలకవర్గమంతా మహిళలే. మద్యం మానుకున్న ఊరిగా, తాగునీరు తానే శుద్ధి చేసుకున్న ఊరిగా, నిర్మల్ గ్రామ పురస్కారం పొందిన ఊరిగా చెప్పుకుంటారు. మా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైనది అక్కడి కమిటీల పద్ధతి. నీటికో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ, చదువుకో కమిటీ. పనిలో ఊళ్లో అందరికీ తలా ఒక భాగం ఉంటే, లెక్క కూడా అందరికీ తెలిసి తీరుతుంది. 2018 చట్టం కూడా ప్రతి పంచాయతీలో పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనులు-సంతల పేరిట స్థాయీ సంఘాలు ఉండాలంది. ఎన్ని ఊళ్లలో అవి కాగితం దాటి కూర్చున్నాయి? బోరు మోటారు కాలినప్పుడు సర్పంచ్‌తో పాటు పనుల సంఘంలోని ఇద్దరు మెకానిక్ షెడ్డుకు వెళ్లి ఉంటే ఉప సర్పంచ్ అడగాల్సిన ప్రశ్నే మిగిలేది కాదు.

ఉమ్మడి చెక్ పవర్ తీసేయాలని సర్పంచుల సంఘాలు అడుగుతున్నాయి. ఉంచాల్సిందేనని ఉప సర్పంచులు పట్టుబడుతున్నారు. ఈ తగాదాలో ఒకరి పక్షం తీసుకోమంటే మేం తీసుకోం. రెండో సంతకం తీసేస్తే గొడవ తగ్గుతుందేమో గానీ అనుమానం తగ్గదు. ఉంచి ఊరుకుంటే ఇప్పుడున్న బేరసారాలే నడుస్తాయి. రెండో సంతకం అడిగే ముందు ఆ రెండో మనిషికి కాగితాలు అందాయా లేదా అన్నది చూడాలి. అంచనా, తీర్మానం, పని కొలతలు రాసే పుస్తకం (ఎంబీ), రసీదు ఇద్దరికీ ఒకేసారి, సంతకానికి కనీసం మూడు రోజుల ముందు చేరాలి. అభ్యంతరం ఉంటే ఉప సర్పంచ్ రాతపూర్వకంగా చెప్పాలి, అది కూడా గడువులోపే. కారణం రాయకుండా చెక్కు ఆపితే, డివిజనల్ పంచాయతీ అధికారి వారంలోగా తేల్చాలి. అత్యవసర పనులకు, అంటే మోటారు, పైపు పగలడం, బ్లీచింగ్ లాంటివాటికి, ఒక పరిమితి దాకా ముందస్తు ఆమోదం ఏడాది మొదట్లోనే పాలకవర్గం ఇచ్చేయొచ్చు.

అలాగే ప్రతి నెలా జమాఖర్చుల పట్టికను పంచాయతీ గోడకు అతికించి, అదే కాగితాన్ని వార్డు సభ్యులందరి ఫోన్లకు పంపాలి. ప్రత్యేకాధికారుల కాలం నాటి లెక్కలు, మాజీ సర్పంచుల పెండింగ్ బిల్లులు కూడా అందులోనే ఉండాలి. అవి ఇవ్వాల్సినవో కావో తేల్చి, ఇవ్వాల్సినవి ఇచ్చేయడం ప్రభుత్వం పని. పాత సర్పంచ్ బిల్లు కోసం ట్రెజరీ చుట్టూ తిరుగుతూ ఉన్నంతకాలం కొత్త సర్పంచ్ ఏ పనికైనా చేతిలోని డబ్బు పెట్టడానికి జంకుతారు. ఇప్పటికే చాలామంది జంకుతున్నారు.

కొత్త సర్పంచులకు శిక్షణ తరగతులు ఉంటూనే ఉంటాయి. వాటికి ఉప సర్పంచులను, కార్యదర్శులను కూడా పిలిచి, ఒకే పంచాయతీకి చెందిన ముగ్గురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, వారి సొంత క్యాష్ బుక్కునే పాఠంగా చదివించాలి. వీటిలో వేటికీ చట్ట సవరణ అక్కర్లేదు, ప్రత్యేక బడ్జెట్టూ అక్కర్లేదు. పంచాయతీరాజ్ కమిషనర్ ఒక సర్క్యులర్ ఇచ్చి, జిల్లా పంచాయతీ అధికారులు దాని అమలును నెలనెలా అడిగితే వచ్చే గ్రామసభ నాటికే మొదలుపెట్టొచ్చు.