సాధికారతకు ఐదు మార్కులు

విదేశీ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ చదివే పిల్లల్లో కొందరికి కోర్సు చివర్లో కన్సల్టింగ్ ప్రాజెక్టు ఉంటుంది. నలుగురైదుగురు కలిసి ఒక పేద దేశంలో దిగి, అక్కడి ఆడవాళ్లకి ఆస్తి ఎందుకు దక్కడం లేదో తేల్చేసి, విమానం టైముకి తిరిగొచ్చేయాలి. మనవాళ్ల వంతుకి ఉగాండా వచ్చింది. కెన్యాని వేరే టీమ్ ముందే పట్టుకుపోయింది మరి.

ఫీల్డ్ వర్క్ అంటే అల్లాటప్పా వ్యవహారం కాదు. మామిడిచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. ఎదురుగా ఒక వితంతువుని కూర్చోబెడతారు. మొగుడు పోయిన నెలకే మరుదులు పొలం దున్నేసుకున్నారని ఆమె చెబుతుంది. ఊరి ఎల్‌సీ వన్ (గ్రామ మండలి) చైర్మన్‌కి మొర పెట్టుకుంటే, ఆయనా మొగుడి వైపు చుట్టమే అంటుంది. దుబాసీ అంతా విని "ఇబ్బందిగా ఉందట" అని తేల్చేస్తాడు. అప్పుడు టీమ్ లీడర్ ట్యాబ్ పైకెత్తి గంభీరంగా అడుగుతాడు: భూమి విషయంలో మీ సాధికారతకి ఐదుకి ఎన్ని మార్కులు వేసుకుంటారు? ఆమె కాసేపు ఆలోచించింది. ఎక్కువ చెబితే పొలం తొందరగా తిరిగొస్తుందేమోనని, ఐదు అంది. ఆ గడి వెంటనే ఆకుపచ్చగా మారిపోయింది. పక్కన కూర్చున్నావిడ అది చూసి తనకీ ఐదే వేయమంది. సాయంత్రానికి ఊరంతా పచ్చగా కళకళలాడింది.

ఇక రిపోర్టు. సాధికారత సంతృప్తికరం, అవగాహన మాత్రం తక్కువ. పరిష్కారాలు: అవగాహన శిబిరాలు, ఒక మొబైల్ యాప్, మరో అధ్యయనం. అన్నట్టు, క్లయింటు ఆ వితంతువు కాదు, ప్రాజెక్టు ఇచ్చిన ఎన్జీవో. వాళ్లకి రిపోర్టు బాగా నచ్చింది.

అవగాహన లేదట! 1998లో ఉగాండా భూమి చట్టం చర్చకొచ్చినప్పుడు, కుటుంబ భూమిపై భార్యాభర్తలకి ఉమ్మడి యాజమాన్యం ఉండాలని మహిళా ఎంపీ మిరియా మతెంబే పార్లమెంటులో సవరణ తెచ్చింది. చట్టం అచ్చై వచ్చేసరికి అందులో ఆ సవరణే లేదు. దాన్ని ప్రెసిడెంట్ ముసెవెనీయే తీయించాడని తర్వాత బయటపడింది. వీలునామా లేకుండా మొగుడు పోతే భార్యకి, ఒకరికి మించి ఉంటే భార్యలందరికీ కలిపి, ఆస్తిలో 15 శాతమే ఇచ్చేది అక్కడి వారసత్వ చట్టం. మహిళా న్యాయవాదులు కోర్టుకెక్కి, అందులో ఆడవాళ్లపై వివక్ష చూపే సెక్షన్లని 2007లో కొట్టేయించారు. పార్లమెంటు చట్టాన్ని సవరించింది 2022లో. మధ్యలో పదిహేనేళ్లు! అన్నేళ్లూ మొగుడు పోయిన ప్రతి ఆడదీ ఏమైపోవాలి? యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలా?

శిబిరం పెట్టి తీరాలనుకుంటే రాజధాని కంపాలాలో, ఆ పార్లమెంటు హాల్లోనే పెట్టండి. ముందు వరసలో కుర్చీ ప్రెసిడెంట్‌కి వేయండి.