మాకేం కాలేదు సంఘం

కూతురి దగ్గరికి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చిన ప్రతి తండ్రికీ అమెరికాలో దిగిన మర్నాడే ఒక ఉద్యోగం దొరుకుతుంది. జీతం ఉండదు. సాయంత్రం మనవడిని పార్కుకు తీసుకెళ్లి, మోకాళ్లు పగలకుండా ఇంటికి తీసుకురావాలి. శాన్ హోసేలో నా డ్యూటీ అదే. ఆ డ్యూటీలో నాకు తగులుకున్నాడు మా అమ్మాయి పక్కింటి పెద్దాయన. అరవై దాటినవాడు, మంచివాడే, కుక్కను తిప్పుకుంటూ వస్తాడు. పిల్లలు రబ్బరు నేల మీద, ప్లాస్టిక్ జారుడుబల్ల మీద ఆడుతుంటే చూసి పెదవి విరిచి, రోజూ ఒకటే మాట అంటాడు. "మా చిన్నప్పుడు నిజం యుద్ధ విమానం ఎక్కి ఆడుకున్నాం. మాకేం కాలేదు."

నెల రోజుల్లో ఈ మాట ఇరవై ఆరుసార్లు విన్నాను. వేరే పనేముంది, లెక్క రాసుకున్నాను.

ఆయన కోతలు కోయడం లేదని ముందే ఒప్పుకోవాలి. జెట్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, నిన్నటి మోడల్ ఇవాళ్టికి పాతబడిపోయేది. పనికిరానివి అమెరికా సైన్యం దగ్గర గుట్టలుగా పడ్డాయి. టీ-33 అనే శిక్షణ జెట్ ఒక్కటే ఐదు వేలకు పైగా తయారైంది. వాటిలో కొన్ని తుక్కులోకి పోకుండా ఊరి పార్కుల్లోకి వచ్చాయి. మేం అప్పుడప్పుడూ వెళ్లే లాస్ గాటోస్‌లోని ఓక్ మెడో పార్కులోనూ ఒకటుంది. ఇక శాన్ ఫ్రాన్సిస్కో 19వ అవెన్యూ పక్కన లార్సన్ పార్కులో 1959 నుంచి 1993 దాకా ఒకదాని తర్వాత ఒకటి మూడు నేవీ జెట్లు నిలబడ్డాయి. మనం ఊయల విరిగితే తాడు కట్టుకున్నాం, వాళ్లు జెట్ పాతబడితే ఇంకో జెట్ తెచ్చుకున్నారు.

మూడోది ఎఫ్-8 క్రూసేడర్. మా పెద్దాయన ప్రాణం అదే. ముక్కు కింద గాలి పీల్చుకునే రంధ్రం ఉంటుంది, నోరు తెరిచిన చేపలాగా. అందులోకి దూరడం మగతనానికి పరీక్షట. ఆ పేటలో ఎండ కన్నా పొగమంచే ఎక్కువ కాబట్టి రెక్క ఎప్పుడూ తడిగా, నాచు పట్టిన బావిగట్టులా ఉండేదట. విమానం కట్టినవాళ్లు ఒక్క పైలట్‌కే చోటు పెట్టారు. పిల్లలు దాన్ని మన ఊరి షేర్ ఆటో చేసేశారు. వీపు మీద పదిమంది, రెక్కల మీద చెరో అరడజను, నోట్లో ఒకడు, తోకలో ఒకడు. విమానానికుండే నాలుగు ఫిరంగులు తీసేసిన చోట నలుగురు పిల్లలు నోటితో టపటపలాడించేవాళ్లు. ఇదంతా చెబుతూ పెద్దాయన గడ్డం పైకెత్తి కింద మచ్చ చూపిస్తాడు. ఐదు కుట్లు. రెక్క అంచు కోసుకుందట.

"మాకేం కాలేదు" అంటాడు, ఆ మచ్చ మీద వేలు పెట్టే.

ఇంత ధైర్యవంతులైన తరాన్ని తయారుచేసే సాధనం మన పిల్లలకు లేకపోవడం నన్ను బాధించింది. అందుకే మన ప్రభుత్వాలకు ఒక సూచన. మన వాయుసేన యుద్ధ విమానాలు మిగ్-21లు 62 ఏళ్ల కొలువు ముగించుకుని 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో రిటైరయ్యాయి. హైదరాబాద్‌లో ప్రతి అపార్ట్‌మెంట్‌కూ ఒకటి కేటాయించాలి.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ ఇప్పుడే నా కళ్ల ముందు కనబడుతోంది. మొదటి సమస్య, ఎక్కడ పెట్టాలి? పిల్లల ఆటస్థలం అని బ్రోషర్‌లో పచ్చగా వేసిన జాగాలో ప్రస్తుతం తొమ్మిది కార్లున్నాయి. మిగిలింది ఈశాన్యం మూల. అక్కడ బరువు పెడితే వంశానికే అరిష్టమని మూడో అంతస్తు శాస్త్రిగారు లేస్తారు. ఇంజన్ తీసేస్తే బరువు తగ్గుతుంది కదా అని సెక్రటరీగారు. తీసిన ఇంజన్ నైరుతిలో పెట్టుకోవచ్చని శాస్త్రిగారు రాజీకొస్తారు. ముక్కు దక్షిణం వైపు ఉండకూడదు. తూర్పుకు తిప్పితే అది నేరుగా ఫ్లాట్ 302 పడకగదిని చూస్తుంది. మా ఆవిడకు బీపీ అని 302 గారు. కార్పస్ ఫండ్‌లోంచి పెయింటింగ్ చేయిస్తే మెయింటెనెన్స్ రెండు వందలు పెరుగుతుంది. పిల్లలు లేనివాళ్లు ఎందుకివ్వాలి? చివరకు తీర్మానం: కాక్‌పిట్ ఓనర్ల పిల్లలకు, రెక్కలు టెనెంట్ల పిల్లలకు. వాచ్‌మన్ పిల్లలు విమానం తుడవొచ్చు. సరిగ్గా నెల తిరిగేసరికి ఎడమ రెక్క కింద ఎవరిదో స్కూటీ, కుడి రెక్క కింద సెక్రటరీగారి కారు. ఎండకు మంచి నీడ. తోక నుంచి కాక్‌పిట్ దాకా తాడు కట్టి, దాని మీద దుప్పట్లు. "పిల్లలు విమానం ఎక్కరాదు. ఇట్లు, యాజమాన్యం."

సరే. మళ్లీ ఆ మాట దగ్గరికి వద్దాం.

మాకేం కాలేదు సంఘానికి మన దగ్గరా శాఖలున్నాయి. బస్సు టాప్ మీద ప్రయాణం చేశాం, మాకేం కాలేదు. ఈత రాకుండా మోటబావిలో దూకాం, మాకేం కాలేదు. మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టారు, అందుకే ఇలా ఉన్నాం. ఎలా ఉన్నారో చూస్తూనే ఉన్నాం. ఈ సంఘంలో సభ్యత్వానికి ఒకటే అర్హత, ఏమీ కాకపోవడం. అయినవాళ్లు మీటింగుకు రారు. మోటబావిలో తేలినవాడు వాట్సాప్ గ్రూపులో ఉండడు. ఆ విమానాల లోపల పసుపు కలిసిన ఆకుపచ్చ పూత ఉండేది, జింక్ క్రోమేట్, క్యాన్సర్ తెచ్చే సరుకు. పిల్లల బొమ్మల మీద సీసం రంగు వేయకూడదని అమెరికా నిషేధించేసరికే 1978 అయింది. ఎవరికి ఎంత అయిందో ఎవరు లెక్క తీశారు?

ఇవన్నీ కూడా నవ్వుకుంటూ వదిలేసేవాణ్ని. కానీ ఆ ఎఫ్-8 పార్కులో దిగిన సంవత్సరం 1975. వియత్నాం యుద్ధం ముగిసి, దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిన సంవత్సరం. క్రూసేడర్ వియత్నాం మీద యుద్ధం చేసిన విమానం. ఆ యుద్ధంలోనే పక్కనున్న లావోస్ మీద 1964 నుంచి 1973 దాకా అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కుమ్మరించింది. వాటిలో క్లస్టర్ బాంబుల పొట్టలోంచి రాలిన చిన్న బాంబులే సుమారు 27 కోట్లు. టెన్నిస్ బంతంత ఉంటాయి. మూడో వంతుకు కాస్త తక్కువగా పేలకుండా మట్టిలో ఉండిపోయాయి. వాటికి అక్కడివాళ్లు ముద్దుపేరు పెట్టారు, బాంబీలు అని. పొలం గట్టున గుండ్రంగా కనిపించిన దాన్ని ఏ పిల్లాడైనా ఏం చేస్తాడు? మీ మనవడు ఏం చేస్తాడు? తీసి విసురుతాడు. యుద్ధం ముగిశాక చచ్చినవాళ్లు, కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లు 20,000 మందికి పైనే. వాళ్లలో పిల్లలు ఎందరో. అంటే ఆ యుద్ధం రెండు దేశాల పిల్లలకు ఆటవస్తువులు పంచింది. ఒకళ్లకు విమానం, ఒకళ్లకు బాంబు. విమానం వచ్చినవాడు గడ్డం కింద ఐదు కుట్లు చూపించి యాభై ఏళ్లుగా కథ చెబుతున్నాడు. బంతి దొరికినవాడికి చూపించడానికి చెయ్యి లేదు. ఎవరయ్యా ఈ "మాకు"? ఏం కాలేదు, ఎవరికి?

ఇరవై ఏడో సాయంత్రం ఇదంతా పెద్దాయన మొహం మీద అనేద్దామని సిద్ధమై వెళ్లాను. ఇంగ్లీషు వాక్యాలు కూడా దారిలోనే కూర్చుకున్నాను. ఆయన ఆ రోజు విమానం మాట ఎత్తలేదు. కుక్కను బెంచీకి కట్టేసి, "మీ ఊళ్లో మీరు చిన్నప్పుడు దేని మీద ఆడేవాళ్లు?" అని అడిగాడు. ఎవరైనా తన చిన్నతనం గురించి అడిగితే మనిషి మెత్తబడిపోతాడు కదా. ఫోన్ తీసి పాత ఫొటో చూపించాను. గోల్కొండ కోట ఎక్స్‌కర్షన్, ఆరో తరగతి. 1687లో ఔరంగజేబు ముట్టడి నాటి ఫిరంగి మీద గుర్రమెక్కినట్టు నేను. నా వెనక ఇంకో నలుగురు. చివరివాడు ఫిరంగి నోట్లో చెయ్యి పెట్టి పళ్లికిలిస్తున్నాడు.

"అమ్మో, పడితే ఏమయ్యేది?" అన్నాడాయన.

నోటి చివరిదాకా వచ్చిన మాటను దగ్గుతో కప్పేసి, మనవడు పిలుస్తున్నాడని లేచాను. వాడు పిలవలేదు.