శిక్ష పెంచే బిల్లులు సరే, కోర్టు ఆర్డర్ పోలీసుల కంప్యూటర్లోకి ఎప్పుడు ఎక్కుతుంది?

అమెరికాలో జనవరి వస్తే చాలా రాష్ట్రాల్లో అసెంబ్లీ సెషన్లు మొదలవుతాయి, దాదాపు ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట ప్రొటెక్టివ్ ఆర్డర్ల మీద, అంటే హింసించేవాణ్ణి బాధితురాలికి దూరంగా ఉండమని కోర్టు ఇచ్చే ఆర్డర్ల మీద బిల్లు వస్తూనే ఉంటుంది. చాలాసార్లు దాని వెనక జరిగింది ఒకేలా ఉంటుంది. ఒకావిడని మాజీ భర్తో బాయ్‌ఫ్రెండో చంపేసుంటాడు, ఆమె అప్పటికే కోర్టుకి వెళ్లి ఆర్డర్ తెచ్చుకునుంటుంది, ఊళ్లో వాళ్లంతా ఇదేం న్యాయం అని నిలదీస్తారు, అక్కడి ప్రజాప్రతినిధి బిల్లు పెడతారు. టీవీలో వచ్చే లైను మాత్రం ఒకటే, ఇప్పటిదాకా ఆర్డర్ ఉల్లంఘిస్తే మిస్‌డిమీనర్ (చిన్న నేరం), ఇకమీదట ఫెలొనీ (పెద్ద నేరం). ఆ కోపంలో తప్పేమీ లేదు, నాకూ వస్తుంది. కానీ ఇలాంటి బిల్లు చదివేటప్పుడు నేను చివరి పేజీల నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఆర్డర్ అవతలివాడి చేతికి ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, రికార్డుల్లోకి ఎప్పుడు ఎక్కిస్తారు, తుపాకీ ఎవరు తీసుకుంటారు, వీటికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది అనేవి ఉంటే అక్కడే ఉంటాయి, చాలా బిల్లుల్లో అసలు ఉండవు.

ముందు ఈ ఆర్డర్ ఏంటో చూద్దాం. న్యూజెర్సీలో దీన్ని రిస్ట్రెయినింగ్ ఆర్డర్ అంటారు, జార్జియాలో టీపీఓ అంటారు, పెన్సిల్వేనియాలో పీఎఫ్ఏ అంటారు, అక్కడ 1976లోనే దీనికి చట్టం చేశారు. ఇది పుట్టడం సివిల్ కోర్టు ఆర్డర్‌గా పుడుతుంది, ఉల్లంఘిస్తే మాత్రం క్రిమినల్ కేసు అవుతుంది, అంటే సగం సివిల్, సగం క్రిమినల్. బాధితురాలు చెప్పింది విని జడ్జి ముందు టెంపరరీ ఆర్డర్ ఇస్తారు, అవతలివాళ్లు ఎదురుగా ఉండక్కర్లేదు, తర్వాత ఇద్దర్నీ పిలిచి హియరింగ్ పెడతారు, న్యూజెర్సీలో అది 10 రోజుల్లో జరగాలి, జార్జియాలో 30 రోజుల దాకా పట్టొచ్చు. తర్వాత ఇచ్చే ఆర్డర్ టెక్సస్‌లో మామూలుగా రెండేళ్లు, కాలిఫోర్నియాలో గరిష్ఠంగా 5 ఏళ్లు, న్యూజెర్సీలో అయితే గడువే లేదు, కోర్టు ఎత్తేసేదాకా ఉంటుంది.

ఇప్పుడు శిక్ష పెంచితే ఎంత ఫరక్ పడుతుందో చూద్దాం, దీనికి టెక్సస్ మంచి ఉదాహరణ. అక్కడ ఆర్డర్ ఉల్లంఘిస్తే మామూలుగా ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా ఫైన్. కానీ ఇంతకుముందు రెండుసార్లు ఇదే నేరంలో దోషిగా తేలినవాడు మళ్లీ చేసినా, ఉల్లంఘనతో పాటు కొట్టినా, వెంటపడి వేధించినా ఇప్పటికే అది ఫెలొనీ, రెండు నుంచి 10 ఏళ్లు. చాలా రాష్ట్రాల్లో కాస్త అటూ ఇటూగా ఇదే లెక్క. అంటే నిజంగా ప్రమాదకరమైనవాడికి పెద్ద శిక్ష చట్టంలో ఇదివరకే ఉంది, కొత్త బిల్లు కొత్తగా పట్టుకునేది మొదటిసారి మెసేజ్ పెట్టినవాణ్ణి, పార్కింగ్ లాట్‌లో కారాపి కూర్చున్నవాణ్ణి. వాళ్లని వదిలెయ్యమని నేను అనట్లేదు, ఆ కారే రేపటి ప్రమాదానికి మొదటి గుర్తు కావచ్చు. కాకపోతే ఏ హత్య చూసి బిల్లు పెట్టారో ఆ మనిషిని హత్యకుండే శిక్షే ఆపలేకపోయింది, మిస్‌డిమీనర్ ఫెలొనీ అయిందని ఆగుతాడా.

ఫెలొనీ అవడం వల్ల నిజంగా ఉపయోగపడే చోటు ఒకటుంది, అది బెయిల్. అరెస్టయినవాడు మర్నాడు పొద్దునకల్లా బయటికొచ్చేస్తే ఆమెకి సామాన్లు సర్దుకునే టైం కూడా ఉండదు. కానీ దానికి కూడా నేరం స్థాయి పెంచడం ఒక్కటే దారి కాదు, టెక్సస్ 2007లో రాజ్యాంగ సవరణ చేసి, గృహహింస కేసుల్లో కోర్టు ఆర్డర్నో బెయిల్ షరతునో ఉల్లంఘించినవాళ్లకి, కేసు మిస్‌డిమీనరే అయినా సరే, బెయిల్ ఇవ్వకుండా ఉంచే వీలు కల్పించింది. టెనెస్సీ 2024 చట్టం ఇంకో పద్ధతి పట్టుకుంది, తీవ్రమైన గృహహింస కేసుల్లో బెయిల్ మీద వెళ్లేవాడికి జీపీఎస్ పట్టీ వెయ్యమంది, అతను దగ్గరికొస్తే ఆమెకి అలర్ట్ వస్తుంది. ఇలాంటివి చదివితే ఆమె ఆ రాత్రి ఏం చెయ్యాలి అని ఎవరో కూర్చుని ఆలోచించారని తెలుస్తుంది.

అసలు గండి సర్వ్ చెయ్యడం దగ్గరుంది. జడ్జి సంతకం పెట్టగానే అంతా అయిపోయిందనుకుంటారు, కానీ ఆ కాగితం అవతలివాడి చేతికి అందాలి, లేకపోతే నాకు తెలీదు అంటాడు, తెలియని ఆర్డర్‌ని కావాలని ఉల్లంఘించాడని కోర్టులో నిరూపించడం ఎవరి వల్లా కాదు. శుక్రవారం సాయంత్రం సంతకం అయిందనుకోండి. క్లర్కు దాన్ని షెరీఫ్ ఆఫీసుకి పంపాలి, అక్కడ డిప్యూటీ పిటిషన్‌లో రాసిన అడ్రస్‌కి వెళ్లాలి, కానీ అతను ఆ ఇంట్లో ఎందుకుంటాడు, ఆమెని వెతుక్కుంటూనో, ఫ్రెండు అపార్ట్‌మెంట్లోనో, మోటెల్‌లోనో ఉంటాడు. డిప్యూటీ తలుపు కొట్టి చూసి వెళ్లిపోతాడు, సోమవారం మళ్లీ వస్తాడు, పెద్ద కౌంటీలో ఇద్దరు ముగ్గురు డిప్యూటీలే ఉంటే ఎప్పుడొస్తాడో చెప్పలేం. ఈలోపు ఆదివారం రాత్రి రెండింటికి ఆమె 911కి ఫోన్ చేస్తుంది, వచ్చిన ఆఫీసర్ డిస్పాచర్‌ని అడుగుతాడు, ఆర్డర్ ఉందా, సర్వ్ అయిందా అని. ఆమె ఫోన్‌లో ఫొటో ఉంటుంది, సిస్టంలో ఏమీ ఉండదు. వదిలేసి వెళ్లిపోయిన ఆ మొదటి రోజులే ఎక్కువ ప్రమాదం అని ఈ పని చేసేవాళ్లంతా చెప్తారు, మన చట్టం సరిగ్గా ఆ రోజుల్లోనే చేతికి అందకుండా ఉంటోంది.

దేశంలో పోలీసులంతా చూసుకునేలా ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌సీఐసీ డేటాబేస్‌లో ప్రొటెక్షన్ ఆర్డర్ల ఫైలు ఉంది, మహిళలపై హింసకి వ్యతిరేకంగా చేసిన 1994 నాటి ఫెడరల్ చట్టం వావా ప్రకారం ఒక రాష్ట్రం ఆర్డర్ ఇంకో రాష్ట్రంలోనూ చెల్లాలి. చట్టం చెల్లుతుందంటుంది సరే, కౌంటీ వాళ్లు ఎక్కించకపోతే పక్క రాష్ట్రం పోలీసుకి కనబడేదెలా. టెక్సస్ 2019లో మోనికాస్ లా అని చేసి ఆర్డర్లన్నీ ఒకే రిజిస్ట్రీలో పెట్టమంది, నా దృష్టిలో శిక్ష పెంచే పది బిల్లుల కంటే అది ఎక్కువ పని చేసే చట్టం.

పోలీసులకి తెలిసినా కదలకపోతే? కొలరాడోలో కాజిల్ రాక్ అనే ఊళ్లో 1999 జూన్‌లో ఒక తండ్రి, ఆర్డర్ ఉండగానే, ముగ్గురు కూతుళ్లని తీసుకెళ్లిపోయాడు. తల్లి రాత్రి 7:30 ప్రాంతం నుంచి పోలీసులకి ఫోన్లు చేస్తూనే ఉంది, కాసేపు ఆగి చూడమన్నారు, అర్ధరాత్రి దాటాక తనే స్టేషన్‌కి వెళ్లింది. తెల్లవారుజామున 3:20కి అతనే స్టేషన్‌కొచ్చి కాల్పులు జరిపాడు, పోలీసులు ఎదురుకాల్పుల్లో చంపేశారు, ట్రక్కులో ముగ్గురు పిల్లల శవాలు దొరికాయి. ఆ రాష్ట్ర చట్టంలో అరెస్టు చెయ్యాలి అనే రాసుంది, చెయ్యొచ్చు అని కాదు. అయినా 2005లో సుప్రీంకోర్టు 7–2తో, ఆర్డర్‌ని పోలీసులు అమలు చేసి తీరాలని అడిగే రాజ్యాంగ హక్కు ఆమెకి లేదని తేల్చింది. ఈ తీర్పు ఇప్పటికీ ఉంది. కాబట్టి పోలీసులు విధిగా చెయ్యాలి అని బిల్లులో రాసేవాళ్లు, చెయ్యకపోతే ఏమవుతుంది, ఎవరికి జవాబు చెప్పాలి అనేది కూడా రాయకపోతే ఆ మాటకి విలువ లేదు, సుప్రీంకోర్టు ఆ సంగతి ఎప్పుడో చెప్పేసింది.

తుపాకుల సంగతి కూడా ఇంతే. 2024 జూన్‌లో వచ్చిన రహీమీ తీర్పు చాలామందికి గుర్తుండే ఉంటుంది, గృహహింస ఆర్డర్ ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ చట్టాన్ని సుప్రీంకోర్టు 8–1తో నిలబెట్టింది, మంచి తీర్పే. కానీ ఆ కేసు వివరాలు చదవండి. టెక్సస్‌లో 2020 ఫిబ్రవరిలో రహీమీ అనే అతని మీద ఆర్డర్ ఇచ్చారు, తుపాకీ ఉండకూడదని అందులో ఉంది, తర్వాత వరసగా కాల్పుల ఘటనల్లో అతని పేరు వచ్చింది, చివరికి పోలీసులు గది సోదా చేస్తే పిస్టల్, రైఫిల్, బుల్లెట్లు దొరికాయి, వాటితో పాటు ఆ ఆర్డర్ కాపీ కూడా అక్కడే దొరికింది. ఆర్డర్ అతనికి అందింది, అందులో ఏముందో తెలుసు, తుపాకులు మాత్రం ఎవరూ వచ్చి తీసుకోలేదు. ఫెడరల్ చట్టం ఉంచుకోకూడదంటుంది గానీ ఎవరు స్వాధీనం చేసుకోవాలో చెప్పదు, అది రాష్ట్రాలే రాసుకోవాలి. వర్జీనియా 2020లో 24 గంటల్లో అప్పగించాలని రాసింది, అలాంటి గడువు, అప్పగించినట్టు కోర్టులో రశీదు, ఇవి ఉన్న బిల్లుని నేను నమ్ముతాను. ఇంకో లోపం కూడా ఉంది, ఆ ఫెడరల్ నిషేధం నోటీసిచ్చి హియరింగ్ అయ్యాక ఇచ్చిన ఆర్డర్లకే వర్తిస్తుంది, టెంపరరీ ఆర్డర్‌కి కాదు, కలిసి కాపురం చెయ్యని, పిల్లలు లేని బాయ్‌ఫ్రెండ్‌కీ కాదు. 2022 ఫెడరల్ చట్టం బాయ్‌ఫ్రెండ్ల విషయంలో కొంత పూడ్చింది, అదీ శిక్ష పడ్డ కేసుల్లోనే. మిగతాది రాష్ట్రాల చేతిలోనే ఉంది.

ఇక మనవాళ్ల సంగతి. హెచ్1, హెచ్4 మీద ఉన్న కుటుంబాలకి ఈ చట్టాలు ఇంకా గట్టిగా తగులుతాయి, ఎందుకంటే 1996 నుంచి ఇమిగ్రేషన్ చట్టంలో ఉన్న ఒక క్లాజు ప్రకారం, హింస నుంచో బెదిరింపుల నుంచో పదేపదే వేధింపుల నుంచో కాపాడే షరతుని ఉల్లంఘించాడని కోర్టు తేలిస్తే అతన్ని దేశం నుంచి పంపెయ్యొచ్చు, దానికి క్రిమినల్ శిక్ష పడక్కర్లేదు, గ్రీన్ కార్డున్నా సరే. ఇది అతన్ని భయపెట్టాలి నిజమే, కానీ ఎక్కువగా భయపడేది ఆమె. అతని వీసా పోతే తన వీసా పోతుంది, పిల్లల స్కూలు, ఇల్లు అన్నీ ఒకేసారి పోతాయి, అందుకే ఫోన్ ఎత్తి మళ్లీ పెట్టేస్తుంది. హెచ్1 మీదున్న భర్త హింసిస్తుంటే భార్యకి విడిగా వర్క్ పర్మిట్ అడిగే దారి ఫెడరల్ చట్టంలో ఉంది, పోలీసులకి సహకరించే నేర బాధితులకి ఇచ్చే యూ వీసా ఉంది, అది ఏడాదికి 10,000 మాత్రమే, లైను చాలా పెద్దది. ఇవి ఉన్నాయని చాలామందికి ఎవరూ చెప్పరు. రాష్ట్ర బిల్లులో ఆర్డర్‌తో పాటు ఈ సమాచారం ఆమె భాషలో ఇవ్వాలని ఒక్క లైను రాస్తే పెద్ద ఖర్చు కాదు.

ఇంకో విషయం మన ఇళ్లలో బాగా జరుగుతుంది. ఆర్డర్ వచ్చాక అత్తగారు ఫోన్ చేస్తారు, మామయ్యగారు ఫోన్ చేస్తారు, ఇండియా నుంచి పెదనాన్నగారు వాట్సాప్‌లో కాల్ చేసి ఏదో అయిపోయింది, వాడు మారాడమ్మా, కేసు వెనక్కి తీసుకో అంటారు. మంచి చేస్తున్నామనే అనుకుంటారు. కానీ ఇతరుల ద్వారా కూడా సంప్రదించకూడదని ఆర్డర్‌లో ఉంటే, అతను చేయించిన ఆ కాల్ ఉల్లంఘనే. ఆమె రమ్మన్నా అతను వెళ్లకూడదు, షరతులు మార్చేది జడ్జి ఒక్కరే. మొదటి ఉల్లంఘనే ఫెలొనీ అనే చట్టం వస్తే పెదనాన్న రాయబారం మనవాడి మెడకి చుట్టుకుంటుంది, ఈ సంగతి కుటుంబాల్లో పెద్దవాళ్లకి ఇప్పుడే తెలియాలి.

కొట్టడం ఒక్కటే హింస కాదని ఒప్పుకున్న రాష్ట్రాలూ ఉన్నాయి. కాలిఫోర్నియా 2020లో, కనెక్టికట్ 2021లో, మసాచుసెట్స్ 2024లో కోయెర్సివ్ కంట్రోల్‌ని ఆర్డర్ అడగడానికి కారణంగా చేర్చాయి, అంటే మనిషిని భయపెట్టి గుప్పిట్లో పెట్టుకోవడం, డబ్బు చేతికివ్వకపోవడం, ఎవరితో మాట్లాడుతోందో కాపలా కాయడం లాంటివి. ఇమిగ్రేషన్ స్టేటస్ చూపించి బెదిరించడాన్ని కాలిఫోర్నియా చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది. మన వాళ్లలో ఎంతమంది ఆడపిల్లలు నిన్ను ఇండియా పంపించేస్తా అన్న మాట విని ఊరుకున్నారో, అది కోర్టులో చెప్పుకోదగ్గ మాటని తెలియకుండానే.

అవతలి వైపు వాదన కూడా వినాలి, విడాకుల కేసులో బలం కోసం ఆర్డర్లు వాడుకునేవాళ్లు లేరని నేను చెప్పను. సివిల్ కోర్టులో ఎక్కువ పాళ్లు నిజమే అనిపిస్తే ఆర్డర్ ఇస్తారు, చాలాచోట్ల ఇద్దరిలో ఎవరికీ ప్రభుత్వ లాయర్ ఉండరు, ఆ ఆర్డర్ మీద తర్వాత ఫెలొనీ పెడతామంటే, దేశం నుంచి పంపేస్తామంటే, హియరింగ్ దగ్గరే ఇద్దరికీ లాయర్ ఉండాలి. బాధితురాలికి కూడా అదే మంచిది, లాయర్ లేకుండా తెచ్చుకున్న ఆర్డర్‌లో చిరునామాలు, పిల్లల స్కూలు, పికప్ టైములు సరిగ్గా రాయకపోతే తర్వాత పోలీసులు అమలు చెయ్యలేరు.

బిల్లు కమిటీ ముందుకొచ్చినప్పుడు మామూలు జనం కూడా వెళ్లి మాట్లాడొచ్చు, ఈమెయిల్ పంపొచ్చు. కిందటేడు మన కౌంటీలో ఎన్ని ఆర్డర్లు ఇచ్చారు, ఎన్ని సర్వ్ అయ్యాయి, ఎన్ని రోజుల్లో అయ్యాయి, ఎన్ని తుపాకులు అప్పగించారు, ఈ నాలుగు లెక్కలు ప్రతి ఏడూ బయట పెట్టాలని బిల్లులో చేర్చమని అడగండి. అతను జైల్లో ఉండగా ఆర్డర్ గడువు అయిపోతే ఏంటని కూడా అడగండి, టెక్సస్‌లో అలాంటి సందర్భంలో విడుదలయ్యాక కూడా కొంతకాలం ఆర్డర్ నడిచేలా రాశారు, ఆ ఒక్క క్లాజు మీ రాష్ట్రం బిల్లులో లేకపోతే అతను బయటికొచ్చే రోజుకి ఆమె మళ్లీ మొదటి నుంచి పిటిషన్ రాసుకోవాలి.