జెర్రిపోతు గారూ, మీకు విషం ఎందుకు లేదు?

మహారాజశ్రీ జెర్రిపోతు గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు క్షేమంగా ఉన్నారని మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా నిలబడి కళ్లారా చూశాం. పొట్ట మధ్యలో ఆ ఉబ్బు చూస్తే భోజనం కూడా అయినట్టే ఉంది, సంతోషం. తిన్నాక కాసేపు నడుం వాల్చడం మంచి అలవాటే. తమకు నడుం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో నాకు తెలియదనుకోండి. కానీ ఇన్ని ఎకరాల వెంచర్‌లో, ఇన్ని బండల నీడ ఉండగా, పోయి పోయి నేను విసిరిన ప్లాస్టిక్ డిస్కు మీదే వాల్చాలా?

శంకర్‌పల్లి రోడ్డు మీద ఈ వెంచర్ వేసిన మహానుభావులు బ్రోచర్‌లో 'ప్రకృతి ఒడిలో' అని అచ్చేశారు. ఒడి అన్నారు గానీ ఆ ఒడిలో ఇంకెవరు కూర్చుని ఉంటారో చెప్పలేదు. ప్లాట్లు అమ్ముడైపోయాయి, ఇళ్లు లేవలేదు. నాలుగు వానలు పడేసరికి వయ్యారిభామ నడుము దాకా లేచింది. అందులో అడుగు పెడితే తుమ్ములు, బయటికొస్తే దోమలు. అవన్నీ సర్దుకుపోయే మనిషినే నేను. అమెరికా నుంచి మా బావమరిది ఇనప బుట్టలు విప్పి, మడిచి, లగేజీలో మోసుకొచ్చాడు కదా అని డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నాం. పళ్లెం లాంటి డిస్కుని విసురుకుంటూ వెళ్లి బుట్టలో పడెయ్యాలి, ఎన్ని తక్కువ త్రోల్లో వేస్తే అంత గొప్ప. మేకలు కాసేవాళ్లు "ప్లేట్లెందుకు ఇసుర్తున్రు సార్?" అని అడిగినా నవ్వి ఊరుకున్నాం.

ఆ త్రో మంచిదే, అది మాత్రం తమరు ఒప్పుకోవాలి. కుడిచేత్తో విసిరిన డిస్కు ఊపు తగ్గాక ఎడమకు వాలుతుంది, దాని నైజం అంత. వాలి, హద్దురాయికి తగిలి, కలుపులో పడింది. మా బావమరిది వెంటనే ఫోన్ తీసి టైమర్ పెట్టాడు. వెతకడం మొదలుపెట్టిన మూడు నిమిషాల్లో దొరక్కపోతే డిస్కు పోయినట్టే లెక్కట, ఒక త్రో పెనాల్టీ. కర్రతో మొక్కలు పక్కకు తోస్తూ వెళ్లాను. టైమర్ మోగకముందే కనిపెట్టాను కూడా. డిస్కునీ, తమరినీ.

పైన గోధుమరంగు పొలుసులు, పెదవి మీద నిలువుగా నల్లటి గీతలు, రెప్పలు లేని గుండ్రటి కళ్లు. నిద్రపోతున్నారో, నన్నే చూస్తున్నారో తెలిసే దారి లేదు. కర్ర కొంచెం దగ్గరకొచ్చేసరికి మెడ ఉబ్బించి, మా పాత స్కూటర్ స్టార్ట్ కాక మూలిగినట్టు ఒక మూలుగు మూలిగారు. నేను ఎంత దూరం ఎగిరానో కొలిస్తే అదే ఆ రోజుకు మంచి త్రో అయ్యేది.

భయం గురించి కాదు ఈ లేఖ. పాముని చూసి భయపడటం మా వంశంలో అందరం చేసే పనే. నా బాధ తర్వాత జరిగిన దాని గురించి.

ఆటలో ఒక రూలుంది. డిస్కు పడిన చోట హాని చేసే పురుగో, జంతువో ఉంటే, బుట్టకు దూరంగా అదే వరుసలో వెనక్కి జరిగి, పెనాల్టీ లేకుండా విసురుకోవచ్చు. ఎంత మంచి రూలు! నేను హాయిగా వెనక్కి జరుగుతుంటే మా బావమరిది ఫోన్లో తమరి ఫోటో జూమ్ చేసి, ఏదో వెతికి, తలెత్తాడు.

"బావా, దీనికి విషం లేదు."

"హమ్మయ్య. అయితే?"

"అయితే పెనాల్టీనే. రూల్లో హాని చేసే జంతువు అని ఉంది. ఇది చెయ్యదుగా."

వాచ్‌మన్‌ని పిలిచాం. ఆయనైనా నా పక్షాన నిలబడతాడనుకుంటే, వంగి చూసి, "జెర్రిపోతు సార్. ఏం జెయ్యది. తోక వట్టి గుంజినా ఊకుంటది" అన్నాడు. మరి గుంజవయ్యా అంటే "గేటు కాడ డ్యూటీ ఉన్నది సార్" అని వెళ్లిపోయాడు. విషం లేదని అందరూ సాక్ష్యం చెబుతారు గానీ, ఒక్కరూ చెయ్యి పెట్టరు.

కరిస్తే రక్తం రాదా, టీటీ వేయించుకోవాలా వద్దా, అది హాని కాదా అని వాదించాను. పిల్లి గీరినా టీటీ వేయించుకుంటాం బావా అన్నాడు. పెనాల్టీ వద్దంటే ఉన్నచోటి నుంచే విసరమన్నాడు. డిస్కు వెనకాల 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు చోటుంటుంది, అందులో కాలు ఆనించి విసరాలి. సరిగ్గా ఆ చోటులోనే తమరు మూడు చుట్లు చుట్టుకుని ఉన్నారు. నాలుగో చుట్టుగా నా కాలు పెట్టమంటాడు వాడు.

ఏమయ్యా, ఒక్క మాట అడుగుతాను. ఆరడుగులు దాటి పెరిగావు. ఆ మెడ, ఆ మూలుగు, ఆ చూపు చూస్తే ఎవడైనా నాగుపామే అనుకుంటాడు. అన్నీ ఉన్నాయి, విషం లేదు! ఎందుకు లేదు? భయపెట్టడానికి సరిపోయావు, రూలుకు సరిపోలేదు. నీ స్థానంలో నాగుపాము ఉంటే నేను దర్జాగా వెనక్కి జరిగేవాణ్ని. కట్లపాము ఉన్నా సరే. రక్తపింజర ఉంటే మా వాడే నాకంటే ముందు వెనక్కి జరిగేవాడు. ఆస్పత్రుల్లో ఇచ్చే యాంటీవీనం నాలుగు పాముల కోసం చేస్తారు: నాగు, కట్లపాము, రెండు రకాల పింజరలు. గుర్రాలకు సూదులు పొడిచి మరీ చేస్తారు. నీ కోసం ఒక్క గుర్రాన్నైనా కదిలించారా? ఊళ్లలో నువ్వూ నాగుపామూ పెనవేసుకుంటారని చెప్పుకుంటారు. అది రెండు మగ జెర్రిపోతుల కుస్తీ అని నాకూ తెలుసులే. కనీసం ఆ పుకారు పేరు చెప్పుకునైనా ఒక పడగ అరువు తెచ్చుకోవాల్సింది.

మా వైపు శ్రావణంలో నాగులపంచమి, మా ఆవిడ వైపు కార్తీకంలో నాగులచవితి. రెండు పండగలూ మా ఇంట్లో జరుగుతాయి, రెండిట్లోనూ నీ పేరు లేదు. పాలు పుట్టలోకి, పసుపు కుంకుమలు పడగకి. ఎలుకల్ని తిని పంట కాపాడేది నువ్వు, పూజలు వాళ్లకి. అది నీ కర్మ అనుకో, నాకెందుకు? కానీ నీ హోదా తక్కువైనందుకు నా స్కోరు పెరగడమేంటి?

క్షమించాలి. ఏకవచనంలోకి జారాను.

తమరిని కదిలించడానికి చేయాల్సినవన్నీ చేశాం. బయటికి చెవులు లేకపోయినా నేల అదిరితే తమకు తెలుస్తుందట కదా అని కాళ్లతో తొక్కాం. కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి హైదరాబాద్ బండ. మా మడమలే అదిరాయి. కాలనీ గ్రూపులో అడిగితే ఒకాయన వెల్లుల్లి నలిపి చల్లమన్నారు. ఇంట్లో దూరిన పాముల్ని పట్టే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకి ఫోన్ చేద్దామా అనుకున్నాం. ప్లాస్టిక్ పళ్లెం కోసం వాళ్లని ఇంత దూరం రప్పించడానికి మొహం చెల్లలేదు. "ఇది వాటి చోటు బావా, మనమే వచ్చాం" అని మా వాడు వేదాంతం మొదలుపెట్టాడు. ఏం చోటు? పాసుపుస్తకం ఉందా? రిజిస్ట్రేషన్‌కి వేలిముద్ర వేశారా? వేళ్లేవీ?

ఎదురుచూస్తూ వాడు ఆట చరిత్ర కూడా చెప్పాడు. ఈ గొలుసుల బుట్టని కనిపెట్టిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలో మొదటి శాశ్వత కోర్సు వేశాడట. 2002లో పోయాక ఆయన బూడిదని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోయించారట. మనం గోదావరిలో కలుపుతాం, ఆయన గాల్లో తిరుగుతున్నాడు. అక్కడి పాములు తోక గిలక మోగించి మరీ హెచ్చరిస్తాయి, మర్యాద తెలిసినవి. పైగా విషం కూడా ఉంది. రూలు రాసినవాళ్లు జెర్రిపోతుని ఎరగరు పాపం. "ఆ హెడ్రిక్ గారి బూడిద డిస్కు మీద ఇది పడుకున్నా పెనాల్టీ వేస్తావా?" అన్నాను. "వేస్తా బావా" అన్నాడు.

అప్పుడొచ్చారు పక్క ప్లాటు పెద్దాయన, చేతిలో పొడుగాటి కర్రతో. దూరం నుంచే తమరి మెడ చూసి "నాగుపాము! నాగుపాము!" అని అరిచారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నాకూ ఒక సాక్షి దొరికాడు! "చూశావురా, పెద్దాయన చెబుతున్నారు" అని మా వాడి వైపు తిరిగాను. వాడు నోరు తెరిచేలోపే పెద్దాయన కర్ర పైకెత్తారు. తమరు కదల్లేదు. మింగిన ఎలుక పొట్టలో అడ్డంగా ఉంది, ఎక్కడికి కదులుతారు?

"కొట్టకండి సార్! నాగుపాము కాదు, జెర్రిపోతే. విషం లేదు, ఏం చెయ్యదు" అని అరిచిన గొంతు నాదే. తలకీ మెడకీ తేడా చూపించి, 1972 నాటి వన్యప్రాణుల చట్టం గుర్తుచేసి, కేసవుతుందని బెదిరించి, ఆయన కర్ర దింపేదాకా చెప్పాను. ఆయన గొణుక్కుంటూ వెళ్లారు. వెనక్కి తిరిగితే మా బావమరిది నవ్వుతున్నాడు.

"నువ్వే ఒప్పుకున్నావు కదా బావా. ఏం చెయ్యదని."

యాప్‌లో నా పేరు పక్కన ఒక త్రో కలిపాడు. తమరు ఆ తర్వాత ఎండ వాలాక తీరిగ్గా ఒక్కో చుట్టూ విప్పుకుని, నా డిస్కు మీదుగా జారి, బండ సందులోకి వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు. చూడమని నేను అడగనూ లేదు.

ఆట ఒక్క త్రో తేడాతో పోయింది. ఆ ఒక్క త్రో ఎవరి ఖాతాలోదో తమకు తెలుసు. పందెం బిర్యానీ: రెండు జంబో ప్యాకులు, ఎక్స్‌ట్రా సాలన్, ఖుబానీ కా మీఠా. తినేటప్పుడు మా వాడు తమరి ఫోటో ఇంటిల్లిపాదికీ చూపించాడు. మా ఆవిడ "అయ్యో, ఎంత నెమ్మదిగా ఉందో" అంది. నెమ్మదే, నాకు ఖరీదు కట్టిన నెమ్మది.

బిల్లు జతపరిచి అదే హద్దురాయి కింద పెడుతున్నాను. మీ దగ్గర డబ్బుండదని తెలుసు. అక్కడ ఎలుకలెక్కువ, వారం తిరిగేలోపు బిల్లు కొరికేస్తాయి. ఆ కొరికినవాటిని తమరు తినేయండి, బాకీ చెల్లుబెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక్క త్రో తేడాతో ఓడిన
తమ ప్లాటు పొరుగువాడు