ఆల్టూన్యన్ దారిలో నడవకండి

ఉబ్బసం మందుల పరిశోధనలో స్థిరపడాలనుకునే కుర్రకారు ఈమధ్య ఎక్కడో ఒకచోట రోజర్ ఆల్టూన్యన్ పేరు విని పాడైపోతున్నారు. ఇలాంటి మనుషుల్ని ఆదర్శంగా తీసుకుంటే కెరీర్ ఏమైపోతుందో పెద్దవాళ్ళం కాబట్టి మేమే చెప్పాలి.

ఆయన చేసిన నేరాలు అన్నీ ఇన్నీ కావు. చదివింది డాక్టరీ. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపాడు. 1956లో ఇంగ్లండులో ఒక మందుల కంపెనీలో చేరాడు. ఆ రోజుల్లో ఉబ్బసం మందుల్ని గినీ పందుల మీద పరీక్షించడం ఆనవాయితీ. అందరిలాగే ఆయనా ఆ నివేదికల మీద సంతకం పెట్టుకుంటూ హాయిగా ఉండొచ్చు. కానీ గినీ పందికి తగ్గినంత మాత్రాన మనిషికీ తగ్గుతుందా అని అనుమానం వచ్చింది. ఏ సెలక్షన్ కమిటీకైనా దరఖాస్తు పక్కన పడెయ్యడానికి ఈ అనుమానం ఒక్కటి చాలు.

అక్కడితో ఆగాడా? ఆయనకే ఉబ్బసం ఉంది, పైగా గినీ పంది బొచ్చు పడదు. దాంతో ముందు కొత్త మందు పీల్చి, తర్వాత గినీ పంది బొచ్చుతో చేసిన ద్రవం పీల్చి, ఆయాసం ఎంత వచ్చిందో కొలుచుకునేవాడు. ఇలా ఎనిమిదేళ్ళ పాటు, వందలసార్లు. ఎథిక్స్ కమిటీ ఎక్కడ? శాంపిల్ సైజు ఒకటి. పోల్చి చూసుకోడానికి పెట్టుకునే కంట్రోల్ గ్రూపులో ఉన్నదీ ఆ ఒక్కడే. ఇంత నిర్లక్ష్యానికి శిక్ష పడాల్సింది పోయి 1965లో సోడియం క్రోమోగ్లైకేట్ అనే ఉబ్బసం మందు దొరికింది. ఖెల్లిన్ అనే మొక్క పదార్థంతో మొదలైన వెతుకులాట అక్కడికి చేరింది. ఆ మందు మూసుకుపోయిన శ్వాసనాళాల్ని తెరవదు, ఆయాసం రాకుండా ముందే అడ్డుపడుతుంది. గినీ పందుల్ని అడిగి ఉంటే ఇది పనికిరాదనే చెప్పేవి. వాటిని సంప్రదించకపోవడం మర్యాద కాదు.

ఆ తర్వాత శాస్త్రలోకం తేరుకుని మళ్ళీ క్రమశిక్షణలోకి వచ్చింది. ఇంతకంటే బలమైన మందు కోసం కంపెనీలు ఎలుకల దగ్గరికి వెళ్ళాయి. ఎలుకల్లో క్రోమోగ్లైకేట్‌ని తలదన్నే పదార్థాలు బోలెడు దొరికాయి. ఉబ్బసం ఉన్న మనుషుల దగ్గరికి వచ్చేసరికి వరసగా చతికిలబడ్డాయి. ఎలుకల వైపు నుంచి మాత్రం ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు.

ఇలాంటి అరాచకం ఆయన ఒక్కడితోనే మొదలైందని అనుకోకండి. అమెరికాలో రైకర్ కంపెనీ అధిపతి జార్జ్ మేసన్ కూతురు, పదమూడేళ్ళ పిల్ల, నా ఉబ్బసం మందు స్ప్రే డబ్బాలో ఎందుకు రాదని 1955లో నాన్నని అడిగింది. మరుసటి ఏడాదే చేతిలో ఇమిడే ఇన్‌హేలర్ మార్కెట్లోకి వచ్చేసింది. అదే ప్రశ్నకి పద్ధతిగా గ్రాంటు రాసి ఉంటే సమీక్షకుల అభిప్రాయాలు అందేసరికి ఆ పిల్లకి పెళ్ళీడు వచ్చేది.

కాబట్టి సరైన దారి వినండి. ఎలుకలకి సహజంగా ఉబ్బసం రాదు. అది వాటి లోపం, మనది కాదు. కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీన్‌ని ముందు ఇంజెక్షన్‌గా ఇచ్చి, తర్వాత అదే పీల్పించండి. వాపు వస్తుంది. మీ మందుతో తగ్గించండి. పేపరు చివర 'మనుషుల్లో మరింత పరిశోధన అవసరం' అని రాయడం మరవకండి. రిటైరయ్యేదాకా మిమ్మల్ని పోషించేది ఆ వాక్యమే.

తప్పనిసరై మనుషుల దాకా వెళ్తే పొగతాగేవాళ్ళు, వేరే జబ్బులున్నవాళ్ళు, ముసలివాళ్ళు, మందుకి సరిగ్గా స్పందించనివాళ్ళు రాకుండా గేటు దగ్గరే ఆపండి. పెద్ద పెద్ద ట్రయల్స్ నిబంధనల్ని మామూలు ఉబ్బసం రోగులకి వర్తింపజేసి చూసిన న్యూజిలాండ్ పరిశోధకులకి 2007లో తేలిందేమిటంటే, వాటిలో చేరడానికి అర్హులు సుమారు 4 శాతమేనని. మిగతా 96 శాతం ఆ ఫలితాలనే నమ్ముకుని మందు వాడుకుంటారు. పాపం, నమ్మకస్తులు.

ఇన్‌హేలర్ మూత తియ్యకుండా నొక్కేవాళ్ళ జోలికి అసలు పోవద్దు. అందులో కొత్త మందు అణువు లేదు, పేటెంటు లేదు. మూత తియ్యమని చెప్పడం నర్సు పని, నర్సుకి సైటేషన్లు, అంటే వేరేవాళ్ళ పేపర్లలో ప్రస్తావనలు, ఉండవు.

చివరిగా, ఇంటర్వ్యూలో మీకు ఉబ్బసం ఉందా అని అడిగితే లేదనే చెప్పండి. ఉందంటే స్వప్రయోజనం కింద రాసుకుంటారు. పిల్లికూతలు వినబడితే జలుబనండి.