అందరూ ఒకే వైపు తలూపే గదిలో తప్పు పట్టేదెవరు?

కిందటి నెల ఒక సెమినార్ అయిపోయాక వరండాలో నిలబడి మాట్లాడుకుంటున్నాం. మాట రాజకీయాల మీదికి మళ్ళింది. మాలో పెద్దాయన ఒకరు, "కన్జర్వేటివ్ బుర్ర పరిశోధనకి పనికిరాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవాలనుకునేవాడు కొత్తది ఎలా కనిపెడతాడు?" అన్నారు. అక్కడ ఏడెనిమిది మందిమి ఉన్నాం. అందరం తలూపాం. నేనూ ఊపాను.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆధారం ఏమిటని మాలో ఒక్కరం కూడా అడగలేదు. వేరే ఏ విషయం మీదైనా ఎవరైనా ఇంత గట్టిగా తీర్పు చెప్పి ఉంటే, డేటా ఏది, శాంపిల్ ఎంత అంటూ అందరం మీద పడేవాళ్ళం. ప్రశ్నించడం మా సొత్తు అని చెప్పుకునే మా మధ్యే ఆ మాట, ఒక్క ప్రశ్న కూడా ఎదుర్కోకుండా వెళ్ళిపోయింది.

నా సంగతి ముందే చెప్పేస్తాను. ఓటు దగ్గరికొస్తే నేను లిబరల్‌నే. ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పుకుంటూ, పేపర్లు రాసుకుంటూ బతుకుతున్నాను. ఈ పోస్ట్ నా వాళ్ళ కోసమే రాస్తున్నాను.

పార్టీల గొడవ కాసేపు పక్కన పెడదాం. చాలాకాలం నిలిచినదాన్ని కదిలించే ముందు "ఎందుకు కదిలించాలి?" అని అడిగేవాడు సంప్రదాయవాది. ఎంతకాలం నిలిచినదైనా సరే "ఎందుకు ఉండాలి?" అని అడిగేవాడు లిబరల్. రెండూ ప్రశ్నలే. పరిశోధనలో ఈ రెండూ ఎలా పనిచేస్తాయో చరిత్ర చూస్తే తెలుస్తుంది.

కోపర్నికస్‌నే తీసుకోండి. ప్రపంచాన్ని తలకిందులు చేసిన విప్లవకారుడిగా ఆయన్ని చెప్పుకుంటాం. కానీ ఆయన్ని ఇబ్బంది పెట్టిన విషయాల్లో ముఖ్యమైనది వేరు. గ్రహాలు వృత్తాల్లో సమవేగంతో తిరగాలన్నది ప్రాచీన గ్రీకుల నియమం. ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టోలెమీ లెక్క కుదరడం కోసం, కేంద్రానికి పక్కన ఒక ఊహా బిందువు పెట్టి, అక్కడి నుంచి చూస్తేనే వేగం సమంగా ఉంటుందన్నాడు. ఆ సర్దుబాటు కోపర్నికస్‌కి మింగుడుపడలేదు. పాత నియమాన్ని దాని శుద్ధ రూపంలో నిలబెట్టాలన్న తపనతో వెతికాడు. 1543లో అచ్చయిన పుస్తకంలో సూర్యుడు మధ్యలోకి వచ్చాడు, భూమి కదిలింది. పాతదాన్ని అంత శ్రద్ధగా పట్టించుకున్నాడు కాబట్టే దాంట్లో పగులు ఎక్కడుందో ఆయనకి కనిపించింది.

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ కూడా అంతే. 1900లో శక్తి చిన్న చిన్న ముక్కలుగా వస్తుందని లెక్కలో రాసిన మనిషి స్వభావరీత్యా సంప్రదాయవాది. ఆ అడుగు వేరే దారి లేక, నిస్పృహతో వేసిందని తర్వాత ఒక ఉత్తరంలో ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ కొత్త భావాన్ని పాత భౌతికశాస్త్రంలోనే ఇమడ్చాలని ప్రయత్నించాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో సమీకరణాలతో చూపిన లెమైత్ర్ క్యాథలిక్ మతగురువు. ఈ ముగ్గురినీ మా వరండా తీర్పు ప్రకారం గేటు దగ్గరే ఆపేసి ఉండేవాళ్ళం.

అటువైపు కూడా చూడాలి. సోవియట్ యూనియన్‌లో, స్టాలిన్ అండ ఉన్న వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకో వర్గం తమది ప్రగతిశీల విజ్ఞానమని చెప్పుకుంది. జన్యుశాస్త్రాన్ని బూర్జువా అబద్ధమని ముద్రవేసింది. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన జన్యుశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్‌ని 1940లో అరెస్టు చేశారు, 1943లో ఆయన జైల్లోనే చనిపోయాడు. 1948కల్లా అక్కడ జన్యుశాస్త్రం దాదాపు నిషిద్ధమైపోయింది. జర్మనీలో, మరో కొసన నాజీల పక్షాన ఉన్న లెనార్డ్, స్టార్క్ ఇద్దరూ నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్తలు. అయినా ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని యూదుల భౌతికశాస్త్రమని తోసిపారేశారు. ఒకళ్ళది ఎడమ, ఒకళ్ళది కుడి. రెండు చోట్లా జరిగింది ఒకటే: ఎదురు చెప్పేవాళ్ళ నోరు మూయించారు.

ఇక మా పెద్దాయన మాటకి దగ్గరగా ఉండే ఆధారం ఒకటుంది, దాన్ని దాచను. వ్యక్తిత్వాన్ని ఐదు గుణాలుగా కొలిచే పరీక్షల్లో, కొత్త అనుభవాల మీద ఆసక్తి లిబరల్స్‌లో సగటున కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. కానీ అవే పరీక్షల్లో క్రమశిక్షణ, పని పట్ల నిబద్ధత కన్జర్వేటివ్‌లలో సగటున కొంచెం ఎక్కువ. మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేస్తున్నాం మనం. పరిశోధన చేసిన ఎవరినైనా అడగండి. కొత్త ఆలోచన ఒక సాయంత్రం వస్తుంది. దాన్ని కొలిచి, మళ్ళీ కొలిచి, ఎక్కడ తప్పిందో చూసుకోవడానికి మూడేళ్ళు పడుతుంది. ఆ మూడేళ్ళు నడిచేది రెండో గుణం మీదే.

"సరే, కనీసం మనకి పక్షపాతం తక్కువ కదా" అంటారు. అదీ నిలబడదు. 2019లో 51 ప్రయోగాలను, 18,000 మందికి పైగా పాల్గొన్నవాళ్ళ ఫలితాలను కలిపి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. తమకు నచ్చిన ముగింపుకి తేలిగ్గా ఒప్పుకోవడం, నచ్చనిదాన్ని గుచ్చి గుచ్చి చూడడం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగా ఉందని తేలింది. అంతకుముందే, 2013లో అమెరికన్ పరిశోధకుడు డాన్ కహాన్ బృందం చేసిన ప్రయోగం నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టింది. ఒక అంకెల పట్టిక ఇచ్చి, ఇది చర్మానికి రాసే క్రీమ్ ఫలితం అని చెబితే లెక్కలు బాగా వచ్చినవాళ్ళు ఎక్కువగా సరైన జవాబు చెప్పారు. అవే అంకెలు తుపాకుల నియంత్రణవి అని చెప్పగానే లెక్కలు వచ్చినవాళ్ళే ఎక్కువగా తమ తమ రాజకీయాల వారీగా రెండుగా చీలిపోయారు. చదువు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నిరూపించే నేర్పు కూడా ఇస్తుందన్నమాట.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పాఠం వేరే ఉంది. 2012లో రాజనీతి శాస్త్రంలో పేరున్న ఒక అమెరికన్ జర్నల్‌లో, వ్యక్తిత్వానికీ రాజకీయ భావాలకీ ఉన్న సంబంధం మీద పేపర్ వచ్చింది. కరకుదనం, దూకుడు, ఇతరుల్ని పట్టించుకోకపోవడం లాంటివాటిని కొలిచే ఒక స్కేల్‌లో కన్జర్వేటివ్‌లకు ఎక్కువ మార్కులు వచ్చాయని అందులో ఉంది. నాలుగేళ్ళ తర్వాత, 2016లో అదే జర్నల్ సవరణ వేసింది. డేటా కోడింగ్‌లో, అంటే జవాబులకు అంకెలు వేయడంలో, కన్జర్వేటివ్, లిబరల్ తారుమారయ్యాయట. ఫలితం సరిగ్గా తిరగబడాలి. వ్యక్తిత్వం వల్ల రాజకీయాలు పుట్టవన్న ఆ పేపర్ అసలు వాదన దీనివల్ల మారలేదని రచయితలు చెప్పారు, అది నిజమే కావచ్చు. నన్ను పట్టి కుదిపేది ఆ నాలుగేళ్ళు. ఫలితం మొదటే లిబరల్స్ మీదికి వచ్చి ఉంటే, "ఇదేమిటి, ఒకసారి కోడ్ చూడండి" అని, అచ్చుకి ముందు తోటి పరిశోధకులు చేసే మొదటి రివ్యూలోనే ఎవరో ఒకరు అడిగి ఉండేవారని నా గట్టి నమ్మకం. మనం అనుకున్నట్టే వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అనుమానించే మనిషి గదిలో లేకపోవడం అంటే ఇదే. 2011లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తల సభలో, ఆ రంగానికే చెందిన జొనాథన్ హైట్ చేతులెత్తమని అడిగారు. దాదాపు 1,000 మంది ఉన్న హాల్లో తాము కన్జర్వేటివ్ అని చేయి ఎత్తింది ముగ్గురు. మరుసటి ఏడు అదే రంగంలో జరిగిన ఒక సర్వేలో, ఉద్యోగానికి ఇద్దరు సమాన అర్హులుంటే లిబరల్ అభ్యర్థి వైపే ఎంతో కొంత మొగ్గుతామని మూడింట ఒక వంతుకు పైగా ఒప్పుకున్నారు.

దీన్నంతా వివక్ష ఖాతాలోనే వేయడం కూడా తప్పే. 2008 అమెరికా ఎన్నికల్లో కన్జర్వేటివ్‌ల వైపు నిలబడ్డ మెక్‌కెయిన్ ప్రచారంలో పనిచేశామని కొన్ని, లిబరల్స్ వైపు నిలబడ్డ ఒబామా ప్రచారంలో పనిచేశామని కొన్ని ఈమెయిళ్ళు, చేరాలనుకునే విద్యార్థుల పేరుతో పీజీ విభాగాలకు పంపి చూస్తే, జవాబుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ వృత్తి ఫలానావాళ్ళది అని పేరు పడిపోయాక, మిగతావాళ్ళు అసలు తలుపే తట్టరు. నీల్ గ్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్త వాదన ఇదే, నాకు చాలావరకు సబబుగానే తోస్తుంది. ఆ పేరు పడడానికి మా వరండా మాటలు కూడా కారణమే కదా. అటుగా వెళ్తున్న ఏ పీజీ విద్యార్థి అయినా విని ఉంటే?

ప్రభుత్వాలు వచ్చి ఇంతమంది అటువాళ్ళని, ఇంతమంది ఇటువాళ్ళని వేయండి అని లెక్క చెప్పడం మాత్రం నాకు సమ్మతం కాదు. వావిలోవ్ కథ చదివాక ఎవరికీ సమ్మతం కాకూడదు. ఆధారాన్ని ఒప్పుకోననే మనిషికి చోటు ఇవ్వమని కూడా నేను అనడం లేదు. పరిణామ సిద్ధాంతాన్ని గ్రంథం చూపించి కాదనేవాడు పరిశోధనకి పనికిరాడు. పనికిరానిది అతని ఓటు కాదు, ఆధారాన్ని తోసేసే ఆ పద్ధతి. అదే పద్ధతి మన వైపున కనిపించినా అదే మాట అనగలగాలి.

నేను అనగలిగానా? మూడేళ్ళ కిందట ఒకే నెలలో నాకు రెండు పేపర్లు రివ్యూకి వచ్చాయి. దాదాపు ఒకే ప్రశ్న, ఒకే రకం సర్వే, ముగింపులు మాత్రం ఎదురెదురు. నాకు నచ్చినదానికి అర పేజీ రాశాను. నచ్చనిదానికి నాలుగు పేజీలు. ఫైళ్ళు సర్దుకుంటుంటే పక్కపక్కన కనిపించి సిగ్గేసింది. నాలుగు పేజీల్లో నేను ఎత్తిచూపిన లోపాల్లో సగం ఆ మొదటి పేపర్లోనూ ఉన్నాయి. అది అప్పటికే అచ్చయిపోయింది.

అప్పటి నుంచి నా డ్రాఫ్టులు జర్నల్‌కి పంపే ముందు ఒక సహోద్యోగికి ఇస్తున్నాను. రాజకీయంగా మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసగదు. ఆయన మొహమాటపడరు. ఇప్పుడు రాస్తున్న పేపర్ మీద నిన్న రాత్రి 11 ప్రశ్నలు పంపారు. ఏడింటికి జవాబు రాశాను. మిగిలిన నాలుగింటికి నా దగ్గర జవాబు లేదు. డేటా మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నాను.