అందుకునేవాళ్ల గురించి ఒక గంభీర పరిశీలన

2025 ఆగస్టు సగం గడిచింది. కొలంబస్ నగరం దిగులుగా ఉంది. ఇంటి పన్నులు పెరిగాయని కాదు, రోడ్లు తవ్వారని కాదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్లు ఈసారి మరీ బాగున్నారట. ఇంత బాగుంటే చివరికి ఏమవుతుందోనని ఊరి బెంగ.

ఈ ఊరి శివారులో ఇల్లు కొనుక్కుని, శనివారాలు గడ్డి కోస్తూ, ఆట ఉన్న రోజు ఆ రోడ్ల మీదికి పోకుండా కూరగాయలు శుక్రవారమే తెచ్చుకునే పౌరుడిగా, ఈ విషయంలో కలగజేసుకునే హక్కు నాకుంది. పైగా జట్టు గురించి మాట్లాడటానికి ఇక్కడ ఎవరినీ అర్హత అడగరు. మా పళ్ల డాక్టరు నా నోట్లో రెండు పరికరాలు పెట్టి, మూడో రిసీవరుగా బ్రాండన్ ఇన్నిస్ సరిపోతాడా అని నన్నే అడిగాడు. నేను ‘ఆ’ అన్నాను. అదొక్కటే అనగలిగే స్థితి.

ఆట తెలియనివారి కోసం ఒక మాట. ఈ ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ. మైదానం మధ్యలో భారీకాయులు ఒకరినొకరు గుద్దుకుని దొర్లుతుంటే, ఆ అంచున ఒకడు, ఈ అంచున ఒకడు, పెళ్లిపందిట్లో ఎవరూ పలకరించని చుట్టాల్లా విడిగా నిలబడి ఉంటారు. వాళ్లే వైడ్ రిసీవర్లు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరిగెత్తి అందుకోవడం వీళ్ల వృత్తి. గీతకి లోపల ఒక్క పాదం పడితే చాలు, క్యాచ్ ఒప్పుకుంటారు. కొత్త కోడలికైతే కుడికాలే కావాలి, ఇక్కడ ఏ కాలైనా పర్వాలేదు. రేపు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే జీతాల ప్రొఫెషనల్ లీగుకి, వెళ్తే మాత్రం రెండు పాదాలూ పడాలి. జీతం పెరిగితే నిబంధనలూ పెరుగుతాయి కదా.

ఈ రిసీవర్ల గదికి వాళ్లు పెట్టుకున్న పేరు జోన్ 6. అమెరికన్లకి ఇదొక అద్భుతం. విజయవాడ, గుంటూరు వైపు ఇంటర్ చదివినవాడికి ఇందులో అర్థంకానిది ఏమీ లేదు. ఇది ర్యాంకుల కాలేజీ. 2018 నుంచి బ్రయన్ హార్ట్‌లైన్ అనే మాస్టారు ఈ సెక్షన్ నడుపుతున్నారు. ఆయనా ఇక్కడి పూర్వ విద్యార్థే, ఇదే జట్టులో రిసీవరు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్లని వరసగా ఎంచుకునే తంతుని డ్రాఫ్ట్ అంటారు, ఎన్నో ఎంపికైతే అదే ర్యాంకు. అందులో మొదటి రౌండు ఫలితాలు చూడండి. 2022లో గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే. 2023లో జాక్సన్ స్మిత్-ఎన్జిగ్బా. 2024లో మార్విన్ హారిసన్ జూనియర్. ఈ ఏడాది ఎమెకా ఎగ్బుకా. దీన్ని మన టీవీ ప్రకటన గొంతుతో చదువుకోండి: పది! పదకొండు! ఇరవై! నాలుగు! పంతొమ్మిది! వెనకాల శంఖం ఊదితే అడ్మిషన్లు మొదలుపెట్టేయొచ్చు.

అసలు ముచ్చట 2022 ర్యాంకుల్లో ఉంది. పది, పదకొండు వీళ్లవి. పన్నెండో ర్యాంకు జేమ్సన్ విలియమ్స్‌ది. ఇతనూ ఈ గదిలోనే చదివాడు. ముందు వరసలో సీటు దొరక్క టీసీ తీసుకుని అలబామా యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడినుంచి పన్నెండు కొట్టాడు. మన కాలేజీలవాళ్లయితే ఆ ఫొటో కూడా హోర్డింగు మీద వేసి, కింద చిన్న అక్షరాల్లో చుక్క పెట్టేవాళ్లు. వీళ్లు వెయ్యలేదు. ప్రచారంలో అమెరికా మనకంటే పాతికేళ్లు వెనకబడి ఉందని నేను చాలాకాలంగా చెబుతూనే ఉన్నాను.

ఈ ఏటి బ్యాచ్ టాపరు జెరెమయా స్మిత్. ఫ్లోరిడా కుర్రాడు, ఆరడుగుల మూడంగుళాలు. ఇక్కడ ఫస్టియర్ పిల్లల హెల్మెట్ మీద నల్ల పట్టీ అంటిస్తారు. నువ్వు మావాడివేనని సాటివాళ్లు ఒప్పుకున్నాక పీకేస్తారు. ఇతని బ్యాచ్‌లో ఆ పట్టీ అందరికంటే ముందు ఇతనికే ఊడింది, అదీ ఒక్క మ్యాచ్ ఆడకముందే, 2024 వసంతంలో. ఆ సీజన్‌లో 76 క్యాచ్‌లు, 1,315 గజాలు, బంతితో అవతలి కొస గీత దాటిన టచ్‌డౌన్లు 15. గజాలు అనగానే మా అత్తగారు చెవి ఇటు వేశారు. ఆరుతో భాగించి, ‘219 చీరలు, ఇంకా జాకెట్టు ముక్కకి ఒక గజం మిగుల్తుంది’ అని తేల్చారు. ఇంత సులువైన కొలమానం ఈ దేశంలో క్రీడా పండితులకి ఇన్నాళ్లూ తట్టకపోవడం విచారకరం.

మూడేళ్లు నిండందే డ్రాఫ్ట్‌కి వెళ్లనివ్వరు కాబట్టి స్మిత్ 2027 దాకా కాలేజీ కుర్రాడే. కాలేజీ కుర్రాడంటే ఇదివరకటి అర్థంలో కాదు లెండి. స్మిత్ బద్దలుకొట్టిన ఫస్టియర్ రికార్డులు క్రిస్ కార్టర్‌వి, 1984 నాటివి. అంత గొప్ప రిసీవర్ని 1987లో ఆఖరి సంవత్సరం ఆడనివ్వలేదు. ఏజెంటు దగ్గర డబ్బు తీసుకున్నాడని. 2010లో ఐదుగురు ఆటగాళ్లు, అందులో ఒక రిసీవరు, తమ వస్తువులిచ్చి పచ్చబొట్లు పొడిపించుకున్నారని పెద్ద గొడవైంది. కోచ్ రాజీనామా చేశాడు. ఆ ఏడాది గెలిచిన మ్యాచ్‌లన్నీ రికార్డుల్లోంచి కొట్టేశారు. చూసినవాళ్లు చూసే ఉన్నారు, టికెట్ డబ్బులు ఎవరూ వెనక్కివ్వలేదు, గెలుపు మాత్రం జరగలేదు.

అంతటి పవిత్రత 2021 జులై 1 నాటికి అలిసిపోయింది. ఆ రోజునుంచి ఆటగాడు తన పేరు, ముఖం అమ్ముకోవచ్చు. ఈ జూన్ 6న కోర్టు ఒప్పందం ఖరారయ్యాక యూనివర్సిటీయే నేరుగా జీతాలివ్వచ్చు, ఒక్కో కాలేజీ ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. ఒకప్పుడు పచ్చబొట్టు తప్పు. ఇప్పుడు పచ్చబొట్లు పొడిచే దుకాణం కొనుక్కున్నా తప్పులేదు. వీళ్లనింకా ‘స్టూడెంట్ అథ్లెట్లు’ అంటున్నారు. మనం ఎనభై ఏళ్లాయన్ని యువజన నాయకుడు అన్నట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. అది నేను కనిపెట్టింది కాదు, మా మామగారు కనిపెట్టింది.

మామగారు తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నిరుడు చలికాలం ఆరు నెలలు మా దగ్గర ఉన్నారు. మంచులో బయటికి వెళ్లలేక, చూడ్డానికి తెలుగు ఛానళ్లలో కొత్తవేమీ లేక, నా పక్కన కూర్చుని మ్యాచ్‌లు చూడటం మొదలెట్టారు. రిసీవర్లు పరిగెత్తే దారులకి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలుంటాయని, ఆ పటాన్ని రూట్ ట్రీ అంటారని చెప్పాను. ‘అంకెలున్నాయా! ముందే చెప్పొద్దూ’ అని రూళ్ల నోటుపుస్తకం తెచ్చుకున్నారు.

జనవరి 10న సెమీఫైనల్, టెక్సాస్ మీద. నాకు మర్చిపోవాలని ఉన్న ఆట, ఎందుకంటే స్మిత్ మొత్తం మ్యాచ్‌లో పట్టింది ఒక్క క్యాచ్. మూడు గజాలు. అరచీర! అంతకుముందు జనవరి 1న ఒరెగాన్ మీద 187 గజాలు పరిచినవాడు! నేను సోఫాలో కూలబడి తిడుతున్నాను. మామగారు మాత్రం రాసుకుంటున్నారు.

‘‘అల్లుడుగారూ, ఆ నాలుగో నంబరు కుర్రాడి వెంట ఎంతమంది తిరుగుతున్నారో చూశారా?’’

‘‘తిరిగితే ఏం మామయ్యగారూ, బంతి పట్టట్లేదుగా.’’

‘‘బంతి సంగతి వదిలెయ్యండి. ఒక్కోసారి ఇద్దరు. వాళ్లు అటు పోతే ఇటు ఎవరు కాపలా? తీసివేత రాదా మీకు?’’

సరిగ్గా సగం ఆట ముగియబోతుండగా ట్రెవియన్ హెండర్సన్ అనే రన్నింగ్ బ్యాక్, రిసీవరు కూడా కాదు, అలా పక్కకి చిన్న బంతి అందుకుని 75 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మామగారు పుస్తకంలో గీత గీసి, పెన్ను మూత పెట్టారు. 28-14తో మనమే గెలిచాం. మనమే అంటున్నాను చూశారా, డబ్బులివ్వకుండా వచ్చే వ్యాధి ఇది.

ఆ రాత్రి నుంచి నేను మారిన మనిషిని. వైడ్ రిసీవరు ఒక మధ్యాహ్నమంతా పదుల సార్లు పరిగెడతాడు. బంతి తనవైపు వచ్చేది ఏ ఆరేడుసార్లో. మిగతావన్నీ ఉత్త పరుగులు. వస్తుందన్నట్టే పరిగెత్తాలి, రాదని తెలిసినా. కొంచెం నీరసంగా కదిలితే అవతలివాడు పసిగట్టేస్తాడు. పెళ్లిలో పెళ్లికూతురి తమ్ముడికి ఈ వృత్తి తెలుసు. తెల్లారుజాము నుంచి స్టేషనుకీ, పూలకొట్టుకీ, వంటశాలకీ తిరుగుతాడు. ఆల్బంలో ఎక్కడో ఒకచోట సగం చెవి కనపడుతుంది. కానీ ఆ కుర్రాడు లేకపోతే మగపెళ్లివారు రెండో టిఫిన్‌కే అలిగేవారు.

కాబట్టి అధికారులకి నాదొక సూచన. ఆ 2 కోట్ల 5 లక్షల డాలర్ల పంపకంలో ‘బంతి రాని పరుగు’ పద్దు ఒకటి తెరవాలి. ఒక కాపలాదారుణ్ని వెంట తిప్పుకుంటే ఇంత, ఇద్దర్నయితే ఇంత. నడుస్తూ పోయినవాడికి కోత. మామగారి నోటుపుస్తకం నమూనాగా జతచేస్తాను. అందులో ఒక పేజీ చివర ఉన్నది మాత్రం పాలవాడి లెక్క, దయచేసి పరిగణించవద్దు.

ఇంతకీ ఊరి దిగులు ఉత్తదేం కాదు. రిసీవర్లు ఎంత బాగున్నా, బంతి వాళ్లకి వేయాలన్న ఆలోచన ఇంకొకరికి రావాలి. నిరుడు నవంబరు 30న ఉత్తరాన ఉన్న ఆ జట్టుతో (మిషిగన్ అని మీకు మాత్రం చెవిలో చెబుతున్నాను) ఆట. ఇక్కడ దాని పేరు పలకరు, మొగుడి పేరెత్తని పాతకాలపు ఇల్లాళ్లలా. ఆ వారం క్యాంపస్ బోర్డుల మీద దాని మొదటి అక్షరం ఎక్కడ కనపడినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. అక్షరం మీదున్న పట్టుదల ఆట మీద కనపళ్లేదు. స్మిత్, ఎగ్బుకా, కార్నెల్ టేట్ ముగ్గురూ అంచుల్లో నిలబడి ఉండగా, మనవాళ్లు బంతి పట్టుకుని, అవతలి జట్టు కొండల్లాంటి మనుషుల్ని నిలబెట్టిన నడిమధ్యకే మళ్లీ మళ్లీ దూరారు. బీరువా నిండా పట్టుచీరలు పెట్టుకుని పేరంటానికి నైటీతో వెళ్లినట్టు. 10-13తో ఓడిపోయారు, వరసగా నాలుగో ఏడు.

తర్వాత బుద్ధొచ్చిందనుకోండి. జనవరి 20న అట్లాంటాలో ఫైనల్. నోటర్‌డామ్ తరుముకొస్తోంది, తేడా 31-23కి దిగింది, మూడో ప్రయత్నంలో 11 గజాలు కావాలి. అప్పుడు విల్ హవర్డ్ ఎత్తుగా విసిరాడు, స్మిత్ 56 గజాలకి అందుకున్నాడు. తొమ్మిది చీరలు, రెండు గజాలు. మ్యాచ్ 34-23. ఆ ఒక్క బంతికీ వెంట ఒక్కడే ఉన్నాడని మామగారు చెప్పారు. పుస్తకంలో ఉంది.

ఇప్పుడు ఆ విసిరే హవర్డ్ లేడు, ప్రొఫెషనల్ జట్టుకి వెళ్లిపోయాడు. హార్ట్‌లైన్ మాస్టారికి ప్రమోషనొచ్చి మొత్తం దాడికే కోఆర్డినేటరయ్యారు. ఆ ముగ్గురు రిసీవర్లలో ఎగ్బుకా ఒక్కడే వెళ్లాడు, స్మిత్, టేట్ అలాగే ఉన్నారు. కానీ బంతి ఎవరు విసురుతారు? జూలియన్ సయిన్ అని ఒక కుర్రాడు, లింకన్ కీన్‌హోల్జ్ అని ఇంకొక కుర్రాడు పోటీలో ఉన్నారు. నేను ఇది రాసే సమయానికి కోచ్ ర్యాన్ డే తేల్చలేదు. శుభలేఖలు పంచేశారు, భోజనాలకి చెప్పేశారు, 1,02,780 కుర్చీలు వేసేశారు, పెళ్లికొడుకు మాత్రం ఇద్దరిలో ఒకడట. మొదటి ఆట ఆగస్టు 30న. ఎవరితో? ఆ అరచీర ఇచ్చి పంపిన టెక్సాస్‌తోనే.

ఆదివారం పావెల్ గుడిలో ప్రసాదం లైనులో ఇదే చర్చ. ఒకాయన సయిన్ అన్నాడు, ఇంకొకాయన అసలు రిసీవర్ల చేతే విసిరించాలన్నాడు. వెనకున్న పెద్దావిడ పులిహోర చల్లారిపోతోంది కదలండి నాయనా అంది. ఆ రోజు మొత్తంలో పనికొచ్చే సలహా అదొక్కటే.

నిన్న తెనాలి నుంచి ఫోను. ఆట ఇక్కడ మధ్యాహ్నం పన్నెండుకైతే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర అవుతుందని మామగారు ముందే లెక్కేసుకున్నారు. ఎదురింటి కుర్రాడిచేత ఫోన్లో ఏదో యాప్ పెట్టించుకున్నారట.

‘‘ఈసారి టెక్సాస్‌వాళ్లు వెంట ముగ్గుర్ని పంపినా పంపుతారు అల్లుడుగారూ. మీరు ఎడమవైపు రాయండి, నేను కుడివైపు రాస్తాను. ఆదివారం పొద్దున సరిచూసుకుందాం.’’

‘‘అలాగే మామయ్యగారూ. మరి బంతి ఎటు వెళ్లిందో ఎవరు చూస్తారు?’’

‘‘దానికి మీ అత్తగారున్నారుగా, గజాలు కావాలిగా ఆవిడకి.’’